రిపోర్టులో "ఎడీమా" అని రాశారా? ఆ లైను చదవడం నుంచి కాలు నొక్కి చూడటం దాకా

డిశ్చార్జ్ సమ్మరీలో ఎక్కడో ఒక లైను ఉంటుంది, "బైలాటరల్ పిట్టింగ్ పెడల్ ఎడీమా ప్లస్" అని. మందుల లిస్టు ఎలాగోలా చదువుకుంటాం, బిల్లయితే ఇంటిల్లిపాదీ చదువుతారు, ఈ లైను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో ఒకరు ఫోన్ తీసి గూగుల్‌లో కొడతారు. అక్కడ హార్ట్ ఫెయిల్యూర్, కిడ్నీ ఫెయిల్యూర్, లివర్ ఫెయిల్యూర్ మూడూ వరసగా కనబడతాయి, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ లైను చెప్పేదల్లా ఇంతే: రెండు పాదాలూ వాచాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఎందుకు వాచాయన్నది అందులో లేదు.

ఎడీమా రోగం పేరు కాదు. డాక్టరు కంటికి కనబడిన, చేతికి తగిలిన ఒక గుర్తు. అందుకే ఆ ఒక్క మాట పట్టుకుని కంగారు పడకుండా, దాని ముందు ఏ మాట ఉంది, వెనక ఏముంది, అసలు అది ఏ కాగితంలో ఉంది అన్నది చూడాలి. అది ఎలా చూడాలో, ఇంట్లో వాపుని మీరే ఎలా పరీక్షించుకోవాలో, డాక్టరుకి ఎలా చెప్పాలో వరసగా చెబుతాను. మందులు మార్చడానికి మాత్రం దీన్ని వాడకండి, అది డాక్టరు పని.

ముందు ఆ మాట సంగతి

పలకడం సులువే, "ఇడీమా" అన్నా "ఎడీమా" అన్నా డాక్టర్లకు అర్థమవుతుంది. తికమకంతా స్పెల్లింగ్‌లో ఉంది. అమెరికా పద్ధతిలో "ఇ"తో మొదలవుతుంది, బ్రిటిష్ పద్ధతిలో ముందు ఒక "ఓ" చేరుతుంది, పలికేటప్పుడు ఆ "ఓ" వినబడదు. మన దగ్గర ఒకే ఆస్పత్రిలో ఒక డాక్టరు అలా, ఇంకో డాక్టరు ఇలా రాస్తారు, ఒక్కోసారి ఒకే సమ్మరీలో రెండూ ఉంటాయి. రెండు వేరువేరు జబ్బులు కావు, హైరానా పడొద్దు. మాట గ్రీకు నుంచి వచ్చింది, వాచడం అనే అర్థం ఉన్న ధాతువు. గ్రీకు కథల్లోని ఈడిపస్ పేరుకు వాచిన పాదాలవాడని అర్థం చెబుతారు, అదీ ఈ ధాతువే.

ఇప్పుడు దీనికున్న కచ్చితమైన అర్థం: ఒంట్లో కణాల మధ్య ఉండే సందుల్లో నీరు ఎక్కువగా చేరడం. మనవాళ్ళు "కాళ్ళకి నీరు పట్టింది", "ఒళ్ళు నీరు పట్టింది" అంటారే, అది దీనికి చాలా దగ్గరగా ఉన్న మాట, వట్టి "వాపు" కంటే దగ్గర. ఎందుకంటే దెబ్బ తగిలి నెత్తిన బొప్పి కట్టినా వాపే, చంకలో బిళ్ళ కట్టినా వాపే, పన్ను పోటుకి బుగ్గ పొంగినా వాపే. నీరు చేరి వచ్చిన వాపుని మాత్రమే ఎడీమా అంటారు.

ఇంగ్లీషులో వాడేటప్పుడు ఇది నామవాచకం అని గుర్తుంటే చాలు. "మై మదర్ హాజ్ ఎడీమా ఇన్ బోత్ లెగ్స్" అనాలి, "మై మదర్ ఈజ్ ఎడీమా" అనకూడదు. లెక్కపెట్టే మాట కాదు కాబట్టి రెండు కాళ్ళు వాచాయని "టూ ఎడీమాస్" అనరు. విశేషణం కావాలంటే "ఎడీమాటస్" అని ఉంది, "ద లెగ్ ఈజ్ ఎడీమాటస్" అని రాస్తారు. అయినా మీరు డాక్టరుతో మాట్లాడేటప్పుడు "స్వెల్లింగ్" అంటే సరిపోతుంది, తెలుగు డాక్టరైతే "కాళ్ళు వాస్తున్నాయి డాక్టరుగారూ" అంటే ఇంకా మంచిది. పేషెంటే "ఎడీమా" అంటే కొందరు డాక్టర్లు ఎవరు చెప్పారు అని అడుగుతారు, అప్పుడు మీరు చెప్పాల్సిన అసలు విషయం పక్కకు పోతుంది.

కాగితం మీద ఎలా ఉంటుందో చూడండి

మొట్టమొదట వెతకాల్సింది ఎడీమా అనే మాట కాదు, దాని ముందు "నో" ఉందా లేదా అన్నది. మన దేశంలో మెడికల్ స్టూడెంట్లకు రోగిని పరీక్షించే వరస ఒకటి నేర్పుతారు: పాలర్, ఇక్టరస్, సయనోసిస్, క్లబ్బింగ్, లింఫడినోపతీ, ఎడీమా. అంటే రక్తం తక్కువై పాలిపోవడం, కామెర్లు, ఒళ్ళు నీలంగా మారడం, గోళ్ళ దగ్గర వేళ్ళు గుండ్రంగా ఉబ్బడం, బిళ్ళలు కట్టడం, చివరికి నీటి వాపు. ప్రతి కేస్ షీట్‌లోనూ ఈ ఆరూ ఉంటాయి, ఏమీ లేకపోయినా లేవని రాస్తారు. కాబట్టి "నో పాలర్, నో ఇక్టరస్... నో పెడల్ ఎడీమా" అని కనబడితే అది మంచి వార్త. కొందరు పదాలు కూడా రాయరు, మొదటి అక్షరాలు రాసి పక్కన మైనస్ గీతో సున్నానో పెడతారు. "నిల్", "యాబ్సెంట్" అన్నా లేదనే.

ఉంది అని తేలితే అప్పుడు పక్క మాటలు చూడాలి. పెడల్ అంటే పాదాలు, చీలమండల దగ్గర. పెరి ఆర్బిటల్ అంటే కళ్ళ చుట్టూ. సేక్రల్ అంటే నడుము కింద, పిరుదుల పైన ఉండే ఎముక మీద, మంచం మీదే ఉండేవాళ్ళకు వస్తుంది. బైలాటరల్ అంటే రెండు వైపులా, యూనిలాటరల్ అంటే ఒక్క వైపే. ఈ రెంటికీ ఉన్న తేడా చాలా ముఖ్యం, తర్వాత చెబుతాను. హడావుడిగా రాసే డాక్టర్లు బైలాటరల్‌ని "బీ", గీత, "ఎల్" అని కుదిస్తారు. పిట్టింగ్ అంటే నొక్కితే గుంట పడేది, నాన్ పిట్టింగ్ అంటే పడనిది. డిపెండెంట్ అంటే ఒంట్లో ఏ భాగం కిందికి ఉంటే అక్కడ చేరే నీరు, కూర్చుంటే పాదాల్లో, పడుకుంటే నడుములో. అనసార్కా అని ఉంటే ఒళ్ళంతా నీరు పట్టిందని, అది మాత్రం చిన్న విషయం కాదు. "పీఈ ప్లస్" లాంటి పొడి అక్షరాలు కనబడితే ఊహించకండి, పెడల్ ఎడీమా కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరే ప్లూరల్ ఎఫ్యూజన్ కావచ్చు, ఊపిరితిత్తిలో రక్తం గడ్డ ఇరుక్కునే పల్మనరీ ఎంబాలిజం కూడా కావచ్చు. ఈ మూడింటికీ పోలికే లేదు. రాసినవాళ్ళనే అడగాలి.

స్కాన్ రిపోర్టుల్లో వచ్చే ఎడీమాది వేరే లోకం. బయటికి కనబడే వాపు ఏదీ ఉండదు, లోపల ఏదో ఒక భాగంలో నీరు చేరిందని మాత్రమే అర్థం. వానాకాలంలో డెంగీ వచ్చి కడుపు అల్ట్రాసౌండ్ తీస్తే "జీబీ వాల్ ఎడీమా" అని రావడం చాలా మామూలు. పిత్తాశయం గోడ ఉబ్బిందని. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారుతుంది, ఆ నీరు అక్కడా చేరుతుంది, జ్వరం తగ్గి ఒళ్ళు కుదురుకున్నాక దానంతట అదే పోతుంది. పిత్తాశయం ఆపరేషన్ చెయ్యాలేమో అని భయపడనక్కర్లేదు. కాకపోతే డెంగీలో అది ప్లాస్మా కారుతోందనడానికి ఒక గుర్తు కాబట్టి డాక్టర్లు ఆ పేషెంటుని ఇంకాస్త జాగ్రత్తగా గమనిస్తారు. మోకాలి ఎమ్మారైలో "మారో ఎడీమా" అంటే ఎముక లోపలి మూలుగలో నీరు, దెబ్బ తగిలాక తరచుగా కనబడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళ కంటి రిపోర్టులో "మాక్యులర్ ఎడీమా" వస్తే వాయిదా వెయ్యకండి, చూపుకి కేంద్రమైన చోట నీరు చేరిందని అర్థం, వదిలేస్తే చూపు దెబ్బతింటుంది. మెదడు స్కాన్‌లో సెరిబ్రల్ ఎడీమా, ఛాతీ ఎక్స్‌రేలో పల్మనరీ ఎడీమా అని వస్తే మీరు అప్పటికే ఆస్పత్రిలో ఉండి ఉంటారు, లేకపోతే వెంటనే ఉండాలి.

దీనితో కలిసిపోయే మాటలు

ఇన్‌ఫ్లమేషన్‌నీ ఎడీమానీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఇన్‌ఫ్లమేషన్‌లో వాపుతో పాటు ఎరుపు, వేడి, నొప్పి ఉంటాయి, గాయం చీము పట్టేముందు ఎలా ఉంటుందో అలా. ఎడీమా చల్లగా, నొప్పి లేకుండా, చర్మం మామూలు రంగులోనే ఉండి కూడా రావచ్చు. ఎఫ్యూజన్ అంటే కణాల సందుల్లో కాకుండా ఒక గది లాంటి చోట నీరు చేరడం, మోకాలి కీలులోనో ఊపిరితిత్తి చుట్టూనో. అదే కడుపులో చేరితే అసైటిస్, మన పాత మాట జలోదరం. బ్లోటింగ్ అంటే గ్యాస్‌తో పొట్ట ఉబ్బరం, దానికీ నీటికీ సంబంధం లేదు. చివర "మెగాలీ" అని ఉంటే ఆ అవయవమే పెరిగిందని, హెపటోమెగాలీ అంటే కాలేయం పెద్దదైందని.

ఎడీమా ఇంకో మాటకు అతుక్కుని వచ్చేవి మూడు తెలిసి ఉంటే మంచిది. లింఫెడీమా అంటే కణాల మధ్య మిగిలిన నీటిని తీసుకుపోయే లింఫు నాళాలు మూసుకుపోయి వచ్చే వాపు, బోదకాలు ఇందులోదే. మిక్సెడీమా థైరాయిడ్ బాగా తక్కువైనప్పుడు చర్మం మందంగా ఉబ్బడం. యాంజియోఎడీమా పెదాలు, నాలుక, కనురెప్పలు ఉన్నట్టుండి వాచిపోవడం, గొంతులోకి పాకితే ఊపిరి ఆడదు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలతో ఇది రావచ్చు, వాడిన కొత్తలోనే కాదు, నెలలూ ఏళ్ళూ గడిచాక కూడా. అందుకే "ఈ మాత్ర ఎప్పటినుంచో వేసుకుంటున్నాం, దానివల్ల అయ్యుండదు" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

కాలు నొక్కి చూడటం

ఇదే అసలు పని, ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు, కాస్త ఓపిక ఉంటే చాలు. సాయంత్రం పూట చూడండి, పొద్దున లేవగానే చూస్తే రాత్రంతా పడుకోవడం వల్ల పాదాల వాపు తగ్గి ఉంటుంది, అసలు లేదేమో అనిపిస్తుంది. మనిషిని కూర్చోబెట్టి, మేజోళ్ళు ఉంటే తీయించి, చీలమండ లోపలివైపు ఎముక నుంచి నాలుగు వేళ్ళ పైకి వెళ్ళండి. కాలి ముందువైపు చర్మం కిందే గట్టిగా ఎముక తగులుతుంది కదా, అక్కడ నొక్కాలి. పిక్క కండ మీద నొక్కితే ఉపయోగం లేదు, కండ ఎలాగూ మెత్తగా ఉంటుంది, కింద ఎముక ఉంటేనే గుంట తెలుస్తుంది.

బొటనవేలు ఆన్చి, గోరు తగలకుండా, నిదానంగా గట్టిగా నొక్కి పట్టుకోండి. లోపల లెక్కపెట్టుకుంటూ కనీసం 5 సెకన్లు, వీలైతే 10 ఉంచండి. ఇక్కడే చాలామంది తొందరపడి పొడిచినట్టు నొక్కి తీసేస్తారు. నీరు పక్కకు జరగడానికి టైమివ్వాలి. వేలు తీసి వెంటనే చూడండి, ఆ చోట వేలి ముద్ర పల్లంగా మిగిలిందా? కంటికి కనబడకపోతే ఇంకో వేలితో ఆ చోటు మీదుగా మెల్లగా రాయండి, కంటికి ఆనని సొట్ట కూడా వేలికి తెలుస్తుంది. నల్లటి చర్మం మీద లైటు పక్కనుంచి పడేలా చూస్తే ఇంకా బాగా కనబడుతుంది. తర్వాత రెండో కాలు. తర్వాత అక్కడినుంచి పైకి వెళుతూ మోకాలి దాకా, గుంట ఎక్కడ ఆగిపోతుందో చూడండి. "చీలమండ దాకా", "మోకాలి దాకా", "తొడల దాకా" అని డాక్టరుకి చెప్పగలిగితే అది పెద్ద సమాచారం.

మంచానికే పరిమితమైన పెద్దవాళ్ళకు పాదాలు చూసి ఆగిపోవద్దు. పక్కకు తిప్పి నడుము కింద ఎముక మీద నొక్కండి. కాళ్ళు సన్నగా ఉన్నా నీరంతా అక్కడ ఉంటుంది.

డాక్టర్లు రాసే వన్ ప్లస్, టూ ప్లస్ అంటే ఈ గుంట లోతు, అది మళ్ళీ పూడటానికి పట్టే సమయం. ఎక్కువగా వాడే లెక్క ఇది: 2 మిల్లీమీటర్ల లోతుండి వెంటనే పూడిపోతే వన్ ప్లస్, 4 మిల్లీమీటర్లుండి 10, 15 సెకన్లలో పోతే టూ ప్లస్, 6 మిల్లీమీటర్లుండి నిమిషం దాకా ఉంటే త్రీ ప్లస్, 8 మిల్లీమీటర్లుండి రెండు నిమిషాలైనా పోకపోతే ఫోర్ ప్లస్. ఈ అంకెలు ఒక్కో పుస్తకంలో కాస్త అటూ ఇటూగా ఉంటాయి, ఒక డాక్టరుకి టూ ప్లస్ అనిపించింది ఇంకొకరికి త్రీ ప్లస్ అనిపించొచ్చు. అందుకని రెండు ఆస్పత్రుల కాగితాలు పక్కపక్కన పెట్టి "రెండు నుంచి మూడుకి పెరిగింది" అని తేల్చకండి. ఒకే మనిషి చూసిన రెండు సార్లని పోలిస్తే అర్థం ఉంటుంది.

గుంట పడని వాపు అయితే ఇంకో చిన్న పరీక్ష. బొటనవేలి పక్కనున్న కాలివేలు మొదట్లో, పై చర్మాన్ని రెండు వేళ్ళతో గిల్లి పైకెత్తండి. మామూలుగా సన్నటి మడత లేస్తుంది. ఎంత ప్రయత్నించినా లేవకపోతే అది లింఫెడీమా అని అనుమానించాలి, దీన్ని స్టెమ్మర్ గుర్తు అంటారు. మడత లేచినంత మాత్రాన లింఫెడీమా కాదని చెప్పలేం, మొదటి దశలో లేస్తుంది, గుంట కూడా పడుతుంది.

త్రాసూ టేపూ

వేలి కన్నా ముందు చెప్పేది బరువు తూచే మిషను. పెద్దవాళ్ళలో కాళ్ళ వాపు కంటికి కనబడే లోపే రెండున్నర, మూడు లీటర్ల నీరు ఒంట్లో చేరిపోయి ఉంటుంది. ఒక లీటరు నీరంటే ఒక కిలో. అందుకే గుండె జబ్బు ఉన్నవాళ్ళని రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చి, టిఫిన్ తినకముందు, ఒకే రకం బట్టలతో తూచుకోమంటారు. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్ళు వాచేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. అన్నం ఎక్కువ తిన్నాం అందుకే పెరిగింది అని సర్దిచెప్పుకోవడం మన ఇళ్ళలో మామూలే, మూడు రోజుల్లో అంత బరువు అన్నంతో రాదు.

ఒక కాలే వాస్తే టైలర్ టేపు తీయండి. మోకాలి చిప్ప కింద ఎముక ఒకటి బుడిపెలా తగులుతుంది, అక్కడినుంచి 10 సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి పిక్క చుట్టుకొలత తీయండి, రెండో కాలికీ అదే ఎత్తులో. తేడా 3 సెంటీమీటర్లు దాటితే రక్తం గడ్డ కట్టిందేమో అని డాక్టర్లు లెక్కలోకి తీసుకునే గుర్తుల్లో అదొకటి.

వాపు తీరు చూసి ఏం అడగాలి

నీరు ఎందుకు చేరుతుందో రెండు ముక్కల్లో. 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇప్పటికీ మొదటి పాఠం: సన్నటి రక్తనాళాల్లో ఉండే ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. ఇంకా మిగిలిన నీటిని, పొలంలో మురుగు కాలువ తీసినట్టు, లింఫు నాళాలు తీసుకుపోతాయి. గుండె సరిగ్గా పంప్ చెయ్యకపోతే ఒత్తిడి పెరుగుతుంది. కాలేయం ఆల్బుమిన్ తయారుచెయ్యకపోయినా, కిడ్నీ దాన్ని మూత్రంలో పారబోసినా పట్టు తగ్గుతుంది. లింఫు నాళం మూసుకుపోతే కాలువ పూడినట్టే. అలర్జీ, డెంగీ, పాముకాటు లాంటివాటిలో నాళాల గోడలే కారతాయి. రక్త పరీక్షలో ఆల్బుమిన్ మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, కాళ్ళ వాపుతో పాటు అది 2.5 కంటే తక్కువ కనబడితే కాలేయం, కిడ్నీ, తిండి వైపు చూడాలి.

రెండు కాళ్ళూ సమానంగా, సాయంత్రానికి ఎక్కువై పొద్దున తగ్గుతుంటే, గుండె కన్నా ముందు మందుల డబ్బా చూడమంటాను. అమ్లోడిపిన్. మన దగ్గర బీపీ ఉన్న ఇంట్లో ఈ మాత్ర లేని ఇల్లు తక్కువ. 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచాక కాళ్ళు వాచడం బాగా తెలిసిన సంగతి. దీనికి నీరు తీసే మాత్ర వేసినా పెద్దగా తగ్గదు, ఎందుకంటే ఒంట్లో నీరు ఎక్కువ కాలేదు, నాళాలు వెడల్పై నీరు కాళ్ళలోకి జారుతోంది అంతే. డాక్టర్లు డోసు తగ్గిస్తారు, లేదా సిల్నిడిపిన్ లాంటిదానికి మారుస్తారు, లేదా ఇంకో రకం బీపీ మందు కలుపుతారు. మీరై మీరు ఆపేస్తే బీపీ ఎగిరి కూర్చుంటుంది. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర, స్టెరాయిడ్లు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఇవన్నీ నీరు పట్టించేవే. ఆ చివరిది కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది, పైగా దాన్ని డాక్టరుకి చెప్పాలని ఎవరికీ గుర్తుండదు.

వాపుతో పాటు ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకోలేక రెండు మూడు దిండ్లు పెట్టుకోవడం ఉంటే గుండె వైపు చూడాలి. పొట్ట ముందు పెరిగి కాళ్ళు తర్వాత వాస్తే కాలేయం. పొద్దున లేవగానే ముఖం, కళ్ళు ఉబ్బి, మూత్రం నురగలు నురగలుగా పోతుంటే కిడ్నీ. పిల్లల్లో ఇది కనబడితే మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఆ రోజే చేయించండి. దీనికి తిరకాసు ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ళుగా జనాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, అందుకని మొదట్లో వాపు రాదు. వాపు లేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయి అనుకుంటే అక్కడ మోసపోతాం. రక్తంలో చేసే సీరం క్రియాటినిన్ పరీక్షే దారి.

ఒక్క కాలే వాస్తే పద్ధతి పూర్తిగా మారుతుంది. ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, దీన్నే డీవీటీ అంటారు. ఆపరేషన్ అయ్యాక, ఎక్కువ రోజులు మంచం మీద ఉన్నాక, 4 గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చున్నాక వచ్చే అవకాశం పెరుగుతుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు దిగాక "కాళ్ళు వాచాయిరా" అంటే, రెండూ వాస్తే చాలావరకు కూర్చోవడం వల్లే, రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒకటే వాస్తే అదే రోజు చూపించాలి. ఈ కాలికి నూనె పెట్టి మర్దన చెయ్యకండి, గడ్డ కదిలి ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఎర్రగా, చలిజ్వరంతో వాస్తే సెల్యులైటిస్ అనే చర్మం ఇన్‌ఫెక్షన్ కావచ్చు, దీనికి యాంటీబయాటిక్స్ కావాలి.

ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి, చర్మం మందంగా గరుకుగా మారిన వాపు అయితే బోదకాలు. క్యూలెక్స్ దోమ వల్ల వ్యాపించే ఫైలేరియా పురుగు లింఫు నాళాల్ని పాడుచేస్తుంది. ప్రభుత్వం ఊళ్ళలో మింగించే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు వ్యాప్తిని ఆపడానికి, అప్పటికే ఏనుగు కాలులా అయినదాన్ని అవి మామూలు చెయ్యలేవు. అక్కడ పని చేసేది రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, పుండు పడకుండా చూసుకుని, కాలు ఎత్తులో పెట్టుకోవడం. చూడ్డానికి అల్పమైన పనిలా ఉంటుంది, మాటిమాటికీ జ్వరం వచ్చి కాలు ఇంకా వాచడాన్ని ఆపేది మాత్రం ఇదే. తెలంగాణలో బోదకాలు బాధితులకు పింఛను ఉంది, ఆంధ్రలో రెండు కాళ్ళకూ ముదిరి గ్రేడ్ 4కి చేరినవాళ్ళకు ఉంది. ఈ గ్రేడ్ 4 వేరు, పైన చెప్పిన ఫోర్ ప్లస్ వేరు. కాగితంలో ఫోర్ ప్లస్ ఉందని పింఛను కోసం తిరిగితే పని కాదు.

గర్భిణుల పాదాలు నెలలు నిండేకొద్దీ వాస్తాయి, చాలామందికి అది మామూలే. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బి, ఉంగరం బిగుసుకుపోయి, తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే, 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, "నీరొచ్చింది, బార్లీ తాగు" అని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. అది ప్రీ ఎక్లాంప్సియా కావచ్చు, తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి

"కాళ్ళు వాస్తున్నాయండీ" అని ఆగిపోకండి. ఎప్పుడు మొదలైంది, ఒక కాలా రెండు కాళ్ళా, ఎక్కడిదాకా, పొద్దున ఎలా ఉంటుంది సాయంత్రం ఎలా ఉంటుంది, నొక్కితే గుంట పడుతోందా, బరువు ఎంత పెరిగింది, ఆయాసం ఉందా, మూత్రం తగ్గిందా, ఏమేం మందులు వాడుతున్నారు. ఇవి ఒక చీటీ మీద రాసుకెళ్ళండి. "నెల నుంచి చెప్పులు బిగుతవుతున్నాయి, నాలుగు రోజులుగా సాయంత్రానికి మోకాలి కింద సగం దాకా గుంట పడుతోంది" అంటే డాక్టరుకి సగం పని అయిపోయినట్టే. వేరే దేశంలో ఉన్న పిల్లలు అక్కడి డాక్టరుకి రాసి పంపాలంటే ఇలా: "స్వెల్లింగ్ ఇన్ బోత్ యాంకిల్స్ ఫర్ ఫోర్ వీక్స్, వర్స్ ఇన్ ద ఈవెనింగ్, పిట్టింగ్, నో పెయిన్, నో బ్రెత్‌లెస్‌నెస్, ఆన్ అమ్లోడిపిన్ టెన్ మిల్లీగ్రామ్స్." సాయంత్రం పూట తీసిన ఫొటో ఒకటి జతచేస్తే ఇంకా నయం, ఎందుకంటే అపాయింట్‌మెంట్ పొద్దున ఉంటే వాపు కనబడకపోవచ్చు.

అడగాల్సినవి మూడే: దీనికి కారణం ఏమనుకుంటున్నారు, నా మందుల్లో దేనివల్లైనా వచ్చిందా, ఉప్పూ నీళ్ళూ ఎంతవరకు తీసుకోవచ్చు.

సొంత వైద్యం

నీరు తీసే మాత్ర, అదే ఫ్యూరోసెమైడ్, పక్కింటివాళ్ళకు తగ్గిందని మీరు వేసుకోవద్దు. పొటాషియం, సోడియం పడిపోయి కళ్ళు తిరిగి పడిపోయే పెద్దవాళ్ళు ఎక్కువమందే ఉంటారు. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కూరలో ఉప్పు తగ్గించాం అంటారు గానీ ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, పెరుగన్నంలో చిటికెడు మాత్రం కంచంలో అలాగే ఉంటాయి. నీరు పట్టించేది ఆ పక్క వంటకాలే. "లో సోడియం" ఉప్పు మంచిదని తేవద్దు, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ స్పైరోనోలాక్టోన్ అనే ఇంకో రకం నీరు తీసే మాత్ర వాడేవాళ్ళకీ ప్రమాదం. బార్లీ నీళ్ళు కూడా నీళ్ళే, రోజుకింత అని డాక్టరు కొలత పెట్టి ఉంటే అందులోనే లెక్కెయ్యాలి.

ఆయాసంతో కూర్చోవాల్సి వస్తున్నా, గులాబీ రంగు నురగ కఫం పడుతున్నా, పెదాలు నాలుక వాస్తున్నా, ఒక కాలి వాపుతో పాటు ఛాతీ నొప్పి వచ్చినా గుంట నొక్కి చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి.

తర్వాతి కాగితం

వైద్యం మొదలయ్యాక వచ్చే రిపోర్టుల్లో ఎడీమా పక్కన కొత్త మాటలు చేరతాయి. సబ్‌సైడెడ్, రిజాల్వ్డ్ అంటే పోయిందని, రెడ్యూస్డ్ అంటే తగ్గిందని, పర్సిస్టింగ్ అంటే ఇంకా అలాగే ఉందని. పాదాలు తగ్గాయని రాసి, బరువు మాత్రం చేరినప్పటి అంతే ఉంటే ఒకసారి ఆలోచించండి. మనిషి వారం రోజులుగా మంచం మీదే ఉంటే నీరు పోయి ఉండకపోవచ్చు, నడుము కిందికి మారి ఉండొచ్చు. పక్కకు తిప్పి నొక్కి చూడమని డ్యూటీ డాక్టర్ని అడగండి.